బర్రె లేని ఇంటికి తౌడు

పోయిన వారం మన నవనీతను వనపర్తి బస్టాండులో ఖిల్లా ఘణపూర్ బస్సు ఎక్కించి, కిటికీ పక్కన సీటు చూపించి వచ్చేశాం. పాపం, ఆ పిల్ల అప్పటినుంచీ అక్కడే కూర్చుని ఉంది. మనకు వారం గడిచింది గానీ ఆమెకు డ్రైవరు బీడీ తాగినంత సేపే. ఆయన తాగడం అయింది, బస్సు కదిలింది.

బస్సు ఊరు దాటేలోపు, కొత్తగా ఈ కథలోకి వచ్చినవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పేస్తాను. పాతవాళ్లు కాస్త ఓపిక పట్టండి. నవనీత వనపర్తిలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. తండ్రి వెంకటన్న ఆమె బడికి పోయే రోజుల్లోనే పోయాడు. ఇంట్లో తల్లి శాంతమ్మ, తను. పగలంతా పాఠాలు, సాయంత్రమైతే ఇంటర్నెట్ సెంటర్. అక్కడ ఈ పిల్లకు ఒక పిచ్చి పట్టుకుంది. మెరిడా అని ఒక ప్రోగ్రామింగ్ భాష ఉంది. అది ఎవరి సొత్తూ కాదు. ఏయే దేశాల్లోనో ఉన్నవాళ్లు తీరిక చిక్కినప్పుడు తలా ఒక చెయ్యి వేసి కట్టుకుంటున్నారు. దానికి ఫలానా కొత్త సౌకర్యం చేరిస్తే బాగుంటుందని ఎవరైనా ప్రతిపాదన పెట్టవచ్చు. నలుగురూ వాదించుకుంటారు, చివరికి పెద్దమనుషులు తేలుస్తారు. మన ఊరి పంచాయితీలాంటిదే, చుట్ట కంపు ఒక్కటే తక్కువ.

ఆ భాషలో ప్రతిదీ ఒక వస్తువు. ఆబ్జెక్టు అంటారు. వస్తువును పిలిచి ఏదైనా అడిగితే పలుకుతుంది, ఎవరు పిలిచినా ఒకేలా పలుకుతుంది. నవనీతకు నచ్చనిది సరిగ్గా అదే. పిలిచింది ఎవరో వస్తువుకు తెలియాలి, పిలిచినవాళ్లను బట్టి పలకాలి అని ప్రతిపాదన రాసింది. ఉదాహరణకు సొంత ఇంటినే పెట్టింది. శాంతమ్మ తనకు అమ్మ, ఆడబిడ్డ జోగులమ్మకు వదినె, జోగులమ్మ కొడుకు మల్లేశ్‌కు అత్త. మనిషి ఒక్కతే, ఎవరి పిలుపుకు ఆ పలుకు. ఆమెను పేరు పెట్టి పిలిచేది రేషన్ డీలరు ఒక్కడేనని కూడా రాసింది. అడిగినవాణ్ని బట్టి జవాబు మార్చేవాణ్ని మా దేశంలో అబద్ధాలకోరు అంటారని ఒక పెద్దమనిషి వెక్కిరిస్తే, మా దేశంలో చుట్టం అంటారని ఈమె జవాబిచ్చింది. ఆ మాట మీకు భలే నచ్చిందని మీ ఉత్తరాలే చెప్పాయి.

చిక్కంతా పరీక్ష దగ్గర వచ్చింది. ఎవరు ఎవరికి పుట్టారో, ఎవరు ఎవరిని కట్టుకున్నారో చెబితే చాలు, ఎవరు ఎవరిని ఏమని పిలవాలో ప్రోగ్రామే తేల్చి చెప్పాలి. నవనీత తన ఇంటివాళ్లను అందులో పెట్టింది. నిజంగా వాళ్లు ఎలా పిలుచుకుంటారో పక్కన రాసింది. అన్నీ కలిశాయి గానీ ఒక్కటి కలవలేదు. మల్లేశ్ ఆమె మేనత్త కొడుకు, ఆమెకంటే చిన్న. వాడు ఈమెను వదినె అనాలి అంటుంది ప్రోగ్రాము. వాడేమో మాటలు వచ్చిన నాటినుంచీ అక్క అనే అంటాడు.

వాడు అనేదే సరైనదనుకుని నవనీత సూత్రాన్ని మార్చింది. మార్చగానే తన ఇల్లు సరిపోయింది, పరీక్ష కోసం తమ ఇళ్లు ఇచ్చిన మిగతావాళ్లందరి వరసలూ తారుమారయ్యాయి. గుల్బర్గాలో ఒకామె, తన మేనత్త ఉన్నట్టుండి చెల్లెలైపోయిందని ఫిర్యాదు రాసింది. అప్పుడు పెద్దమనుషుల్లో హెన్రిక్ అనే ఆయన జవాబు పంపాడు. చల్లటి దేశం, చల్లటి మనిషి, మాటలు కూడా చల్లగానే ఉంటాయి. "నీ మొదటి సూత్రమే సరైనదని నాకనిపిస్తోంది. అది తప్పయితే ప్రతిపాదన వదిలేద్దాం. తప్పు కాకపోతే, నువ్వు రాసిన ఇల్లు తప్పు. సోమవారం తేలుస్తాం. ఈలోగా ఇంట్లో అడుగు."

ఇంట్లో అడిగింది. శాంతమ్మ చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. "అమ్మా, మల్లేశ్ నన్ను అక్క అని ఎందుకంటడే?" అంది నవనీత. ఏరుతున్న వేళ్లు ఆగిపోయాయి. తల ఎత్తకుండానే, "పోయి ఘణపూర్‌ల మీ అత్తనే అడుగు" అంది.

అదీ సంగతి. ఇక బస్సులోకి వెళదాం.

వానలు వెనకబడి వచ్చిన ఏడాది అది. రోడ్డుకు రెండు పక్కలా జొన్న చేలు ఇంకా పచ్చగా ఊగుతున్నాయి. మబ్బు పట్టిన మధ్యాహ్నం, ఎండ కాదు, నీడ కాదు. కిటికీలోంచి చల్లగాలి తగులుతుంటే నవనీతకు కళ్లు మూతలు పడ్డాయి. నిద్ర కాదు, మెలకువా కాదు. ఏం కోరుకోవాలో కూడా ఆ పిల్లకు తెలియడం లేదు. సూత్రం తప్పయితే ఇన్నాళ్ల కష్టం గంగలో కలుస్తుంది. సూత్రం ఒప్పయితే, ఆ తర్వాతది తలుచుకోవడానికి భయమేసింది. భయమేసినప్పుడల్లా కళ్లు ఇంకా గట్టిగా మూసుకుంది.

మూసిన కళ్లలో ఒక వీధి కనిపించింది. అన్నీ తెలిసిన ఇళ్లే. ఒక్కో తలుపు ముందు నిలబడి పిలుస్తోంది. "నేనొచ్చిన" అంటే లోపలినుంచి, "ఎవరు, మా శాంతమ్మ బిడ్డవా, రా" అంటున్నారు. ఇంకో తలుపు కొడితే, "ఎవరు, సారమ్మవా" అంటున్నారు. కాలేజీలో పిల్లలు ఆడ టీచర్లనందరినీ సారమ్మ అంటారులెండి. వీధి చివర ఒక ఇల్లుంది. తలుపు ముందు నిలబడింది, ఎంత పిలిచినా లోపలినుంచి పలుకు లేదు. కానీ లోపల మనిషి ఉంది. పల్లికాయ చిట్లుతున్న చప్పుడు టప్ టప్ మని వినబడుతోంది. ఆ చప్పుడు ఎంత హాయిగా ఉందంటే, పలకకపోయినా ఫర్వాలేదు, ఇక్కడే కూర్చుంటాననిపించింది.

"గుట్ట వచ్చింది, దిగుండ్రి" అన్నాడు కండక్టరు.

ఘణపూర్ గుట్ట మీద కోట గోడ మబ్బులోకి దూరిపోయి సగమే కనిపిస్తోంది. బస్సు దిగిన చోటే మల్లేశ్ ట్రాక్టరు ఆపుకుని ఉన్నాడు. ఎవరిదో విత్తనం తోలి వస్తున్నాడు. ఈమెను చూడగానే ముఖం విప్పారింది.

"ఏందక్కా, చెప్పకుంట వచ్చినవు? ఫోన్ చేస్తె వనపర్తికే వస్తుంటి గద."

"ట్రాక్టర్ మీదనా?"

"ట్రాక్టర్‌కేమైంది, విమానం లెక్క పోతది. ఎక్కు."

నవనీత చక్రం పైన రేకు మీద కూర్చుంది. ట్రాక్టరు ఊరి బాట పట్టింది. మాట వినబడాలంటే గట్టిగా అరవాలి. అంత చిన్న మాటను అంత గట్టిగా ఎలా అడగడమో తెలియలేదు. అయినా అరిచింది.

"మల్లేశ్, నువ్వు నన్ను అక్క అని ఎందుకంటవురా?"

"మరేమనాలె?"

"వదినె అనాలె. నువ్వు మా మేనత్త కొడుకువు."

మల్లేశ్ నవ్వాడు. "వదినె అంటే మజాక్ చెయ్యాలె. నీతోని మజాక్ ఎట్ల చేస్త?"

"అందరు చేస్తరు గద వదినెలతోని."

"వదినెలతోని చేస్తరు. అక్కతోని ఎవరన్న చేస్తరా?"

చూశారా, ఎక్కడ మొదలెట్టాడో అక్కడికే వచ్చాడు. నవనీతకు నవ్వు రావలసింది, రాలేదు. మల్లేశ్ పక్కకు తిరిగి ఆమె ముఖం చూశాడు. చూసి ట్రాక్టరు ఆపేశాడు. ఇంజను కూడా బంద్ చేశాడు. అప్పుడు చుట్టూ ఉన్న చేలన్నీ ఒక్కసారి దగ్గరికి జరిగినట్టయింది.

"అక్కా, నీకు తెల్వదా?"

"ఏంది?"

"నిజంగ తెల్వదా?" వాడి గొంతులో పరేషాన్ మొదలైంది. "ఊరంత ఎరుకనే గద. నీకు ఎరుకే అనుకుంటిమి మేము. నువ్వు మా అమ్మకు పుట్టినవు గద. దక్కాలెనని తౌడుకు అమ్మిన్రు."

వానలు వెనకబడ్డాయి అన్నట్టే అన్నాడు ఆ మాట. వాడికది కొత్త కాదు మరి. ఎవరూ దాచలేదు, దాచాలని కూడా ఎవరూ అనుకోలేదు. కిరాణా కొట్టు ఆయనకు తెలుసు, బస్సు కండక్టరుకు తెలుసు. పెళ్లిళ్లలో ఈమెనూ జోగులమ్మనూ పక్కపక్కన చూసి, అచ్చం మేనత్త పోలికేనని ముసిముసిగా నవ్వుకునే ఆడవాళ్లందరికీ తెలుసు. అందరికీ తెలిసిన సంగతి కాబట్టి ఎవరికీ చెప్పే అవసరం రాలేదు. తెలియనిది ఒక్క నవనీతకే. ఇదేం విడ్డూరమో చూడండి, మన ఊళ్లలో దాచిపెట్టినవి ఎప్పటికైనా బయటపడతాయి గానీ, బయట పెట్టినవి ఎవరికీ కనబడవు.

నవనీత ట్రాక్టరు దిగింది. బాట పక్కన నల్లటి బండ ఒకటుంటే దాని మీద కూర్చుంది. పిలిచింది ఎవరో వస్తువుకు తెలియాలని ఎన్ని రోజులు వాదించింది! పిలిచేవాళ్లందరికీ తెలిసి, తానెవరో వస్తువుకే తెలియకపోతే ఏం చేయాలో ఆ ప్రతిపాదనలో ఎక్కడా రాయలేదు. వస్తువు కూడా తిరిగి అడగగలగాలి. నన్ను పిలిచావు సరే, నేను నీకేమవుతానని అడిగే దారి ఉండాలి. అది లేకపోతే ఆ సౌకర్యం సగమే. ఇంత దుఃఖంలో ఆ ఆలోచన రావడం ఆమెకే సిగ్గనిపించింది. కానీ వచ్చింది, రాగానే కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి.

"తప్పయిందా అక్కా?" అన్నాడు మల్లేశ్.

"నీ తప్పేం లేదురా. నువ్వొక్కనివే సరిగ్గ పిలిచినవు."

"ఇంటికి పోదామా?"

"నేను నడుస్త. నువ్వు తర్వాత రా."

తౌడుకు అమ్మడమంటే మన దిక్కున చాలామందికి తెలుసు. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, తర్వాత పుట్టిన పిల్లను చాటలో పడుకోబెట్టి, గడప మీదుగా ఇంకొకామె చేతికి ఇస్తారు. ఆమె మానెడు తౌడు ఇచ్చి కొనుక్కుంటుంది. ఈ పిల్ల ఇక ఈ ఇంటిది కాదు. పిల్లలను ఎత్తుకుపోయేది ఏదైతే ఉందో అది వచ్చి చూసినా, ఇక్కడ నా పిల్ల ఎవరూ లేరని కన్నతల్లి చెప్పాలి. తిరిగి కొనుక్కునేదాకా ఆ పిల్లను బిడ్డా అనకూడదు, ఆ పిల్ల అమ్మా అంటే పలకకూడదు. చాలా ఇళ్లలో ఇదంతా ఒక పూట ముచ్చట. సాయంత్రానికల్లా పిల్ల కన్నతల్లి ఒళ్లోనే పాలు తాగుతుంది. నవనీత విషయంలో ఆ పూట ఇంకా అయిపోలేదు.

జోగులమ్మ ఇంటి ముందు వేపచెట్టు లేదు, అరుగు లేదు. గడప, ఆ వెనక ఒకటే పెద్ద గది, మూలన పల్లికాయ బస్తా. ఆమె కాళ్లు చాపుకుని కూర్చుని విత్తనానికి పల్లికాయ వలుస్తోంది. టప్ టప్ మని చప్పుడు. నవనీత గడప బయటే ఆగిపోయింది. బస్సులో మూసిన కళ్లతో విన్న చప్పుడు ఇదే. చిన్నప్పుడు సెలవులకు వచ్చినప్పుడల్లా ఈ చప్పుడు వింటూనే నిద్రపోయేది.

"వచ్చినవా" అంది జోగులమ్మ. లేచి, చెంబుతో నీళ్లిచ్చింది. "తిన్నవా?"

అంతే. వరస లేదు, పేరు లేదు. ఇన్నేళ్లూ అంతేనని ఇప్పుడే తెలిసింది నవనీతకు.

అదే సమయానికి పక్కింటి కోడలు అగ్గిపెట్టె కోసం వచ్చింది. "పొయ్యి మీద ఉన్నది, తీస్కపో బిడ్డా" అంది జోగులమ్మ. ఆ పిల్ల తీసుకుని పోయింది. నవనీత చెంబు కింద పెట్టింది.

"అత్తా, నువ్వు ఊళ్లె అందరిని బిడ్డా అంటవు. మేకలు కాసే ముసలాయనను కూడ బిడ్డా అంటవు. నన్నెప్పుడన్న అన్నవా?"

పల్లికాయ చప్పుడు ఆగింది.

"మల్లేశ్ చెప్పిండా?"

"చెప్పిండు."

"వాని నోరు మొదటికెళ్లి గంతే." జోగులమ్మ గుమ్మంలోంచి గుట్ట వైపు చూసింది. "చిన్నగున్నప్పుడు ఎన్ని దెబ్బలు కొట్టిననో. వదినె అనురా అని. ఎవరు చెప్పిన్రో ఏమో, అక్క అనే అంటుండె. కొట్టి కొట్టి నాకే చెయ్యి నొచ్చింది. ఇగ అననీ అనుకున్న. ఇంట్ల ఒక్క నోరన్న నిజం అంటుంటె నాకు నిద్ర పట్టేది."

నవనీత గడప దాటి లోపలికి వచ్చి ఎదురుగా కూర్చుంది. కోపం వస్తోంది. ఎవరి మీదో తెలియని కోపం, అందుకే ఇంకా ఎక్కువగా వస్తోంది.

"నన్ను ఎందుకు ఆడ విడిచిపెట్టినవ్?"

"విడిచిపెట్టలే. నీకంటె ముందు పుట్టినోళ్లు ఒక్కరు దక్కలే. నువ్వన్న దక్కుతవని మా వదినెకు అమ్మిన. పొద్దుగూకంగనే తెచ్చుకుంటనని అమ్మిన. గా నెలనే మీ మామ, నేను కూలి గుంపుతోని దూరం డ్యాం పనికి పోవుడు వడ్డది. ఎండల, దుమ్ముల నిన్ను యాడ పండవెట్టాలె? వదినె అన్నది, వచ్చేదాక నేను చూస్త అన్నది. వచ్చేవరకు నీకు మాటలొచ్చినయ్. నన్ను చూసి వదినె కొంగు వెనక దాక్కుంటివి."

"అయితె?"

"అయితె ఏముంది. నువ్వు ఆమెను అమ్మా అన్నవు. ఆమె పలికింది. నేను విన్న."

బయట మబ్బు కాస్త విచ్చుకుని, గడప మీద పల్చటి వెలుగు పడింది. అది గదిలోకి రాలేదు, అక్కడే ఆగింది.

"మళ్ల కొనుక్కుంటరు గద. ఎందుకు కొనుక్కోలే?" అంది నవనీత.

మూలన పల్లికాయ బస్తా వెనక చిన్న సంచి ఒకటి ఉంది, మూతి దారంతో కట్టి ఉంది. జోగులమ్మ చూపు దాని మీదికి పోయింది. నవనీత చూపు కూడా పోయింది. ఆ సంచిని ఆ పిల్ల వందసార్లు చూసింది. అత్త వనపర్తి వచ్చిందంటే చేతిలో అదే సంచి. లోపల తౌడు. "బర్రెకు తెచ్చిన" అనేది. వెంకటన్న పోయిన ఏడే శాంతమ్మ బర్రెను అమ్మేసింది. అయినా అత్త తౌడు తేవడం మానలేదు, శాంతమ్మ తీసుకోవడం మానలేదు. అత్త బస్సెక్కగానే ఆ తౌడు పక్కింటి ఈదమ్మ బర్రెకు పోయేది. అత్తకు మతిమరుపని నవనీత ఎంతో మందికి చెప్పి నవ్వింది.

"అత్తా," అంది నెమ్మదిగా, "మాకు బర్రె లేదు."

"ఎరుకనే."

"మరి?"

"నోటితోని అడిగేది కాదు గది. నేను తౌడు తేవాలె, ఆమె చాట తేవాలె. గడప మీద చాటల తౌడు పడితెనే లెక్క. నేను సంచి ఇస్తుంటి. ఆమె చాట తేకపోతుండె. సంచితోనే లోపలికి తీస్కపోయి, బర్రెకు మంచిగైతది జోగులమ్మా అంటుండె."

"లేని బర్రెకు."

"లేని బర్రెకే."

ఏమైందో ఏమో, ఇద్దరికీ నవ్వొచ్చింది. పెద్ద నవ్వు కాదు. కానీ ఒకేలా, పెదవి ఎడమ పక్కకు లాగినట్టు వచ్చింది. నవనీత అది గమనించింది, నవ్వు అక్కడే ఆగిపోయింది. ఇన్నేళ్లూ అద్దంలో చూసుకున్న నవ్వు ఎదుటి ముఖం మీద కనిపిస్తే తట్టుకోవడం అంత సులువు కాదు.

"ఆమె ఎందుకు తేలేదు?"

"ఆమెను ఏమనకు." జోగులమ్మ గొంతు గట్టిపడింది. "నీకు టైఫాయిడ్ వచ్చిననాడు దవాఖానల నిన్ను ఒళ్లె పండవెట్టుకొని ఆమె కూసున్నది. రెప్ప కొట్టలే. నేను బయట గోడకు నిలవడ్డ. లోపలికి వస్తె, నువ్వేమైతవు అని అడుగుతరు. ఏమని చెప్పాలె? పోయిన అన్న పోయె, ఆమెకున్నది నువ్వొక్కదానివే. నేను సంచి పట్టుకొని గడప దాక వస్త, ఆమె ముఖం చూస్త, బర్రెకు తెచ్చిన అంట. గంతే. ఇద్దరం తెలిసే ఆడుకున్నం గా ఆట."

నవనీత ఏడ్చింది. దాచుకోలేదు. శాంతమ్మ మీద కోపం వచ్చింది, ఆ కోపం వచ్చినందుకు తన మీద కోపం వచ్చింది. జోగులమ్మ మీద జాలి వచ్చింది, ఆ జాలి కూడా కోపంలాగే ఉంది. జోగులమ్మ చెయ్యి చాపి తల నిమరబోయి, సగంలో ఆపి, పక్కనున్న పల్లికాయలు అందుకుంది. మళ్లీ టప్ టప్ మని చప్పుడు మొదలైంది.

ఆ చప్పుడులో నవనీతకు ఏడుపు మెల్లగా సద్దుమణిగింది. గది కదులుతున్నట్టుంది. బస్సులో కూర్చున్న మత్తు ఇంకా వదల్లేదేమో. సోమవారం చాలా దూరంలో ఉన్నట్టుంది. హెన్రిక్ అనే మనిషి నిజంగా ఉన్నాడో లేడో. సూత్రం సరైనదే, ఇల్లే తప్పు అని ఒక్క ముక్క రాస్తే చాలు, ఆమె ప్రతిపాదన నిలబడుతుంది. ఆ ముక్క రాయాలంటే జోగులమ్మకు తాను ఏమవుతుందో రాయాలి. దేశదేశాలవాళ్లు చదువుతారు. కానీ పక్కనే ఉన్న ఈ మనిషికి ఆ మాట ఇంకా చెప్పనేలేదు. లోకమంతటికీ రాసి, ఈమెను మాత్రం అత్తా అని పిలిచి వనపర్తి బస్సు ఎక్కడమా?

"నేను ఒక్కసారి పిలుస్త" అంది. "పలుకుతవా?"

"పలకను."

"ఈడ ఎవరు లేరు. నువ్వు, నేనే."

"ఎవరు లేకున్న పలకను."

"నేను కంప్యూటర్ చెప్పేదాన్ని. గివన్ని నమ్మను."

"నువ్వు నమ్మకు. నిన్నెవరు నమ్మమన్నరు?" జోగులమ్మ చేతిలోని పల్లికాయ వైపే చూస్తూ అంది. "నేను నమ్మిన. నువ్వు బతికినవు. ఇగ నేనెట్ల నమ్మకుంట?"

నవనీత ఎన్ని దేశాలవాళ్లతో వాదించిందో, ఎంతమంది నోళ్లు మూయించిందో, ఆ తెలివంతా ఇక్కడ పనికిరాలేదు. ఆమెకు కావలసింది గెలవడం కాదు. చిన్నప్పుడు ఈ గదిలో తాను నిద్రపోతుంటే జోగులమ్మకు ఎన్నిసార్లు నోటిదాకా వచ్చి ఆగిపోయిందో తెలియని ఒక పలుకు కావాలి. ఒక్కసారి.

పిలిచింది.

"అమ్మా."

జోగులమ్మ పెదవులు బిగుసుకున్నాయి. చేతిలోని పల్లికాయ విత్తనంతో సహా నలిగిపోయింది. కళ్లు మూసుకుపోయాయి. పలుకు ఆమె నోట్లో ఉంది. అది అక్కడ ఉన్నట్టు నవనీతకు కనబడుతూనే ఉంది. బయటికి రాలేదు.

"ఏంది బిడ్డా" అన్న పలుకు మాత్రం వినబడింది.

వెనకనుంచి వినబడింది. నవనీత తిరిగి చూసింది.

గడప అవతల శాంతమ్మ నిలబడి ఉంది. తర్వాతి బస్సుకు వచ్చినట్టుంది, బస్టాండునుంచి నడిచిన దుమ్ము కాళ్ల నిండా ఉంది. పలకాలని పలికినట్టు లేదు, అలవాటుకొద్దీ నోట వచ్చేసింది. పలికేశాక, ఆ పిలుపు తనది కాదని ఆమెకు అర్థమైంది. అర్థమైనట్టు ఆమె ముఖంలో నవనీత చూసింది. ఆ ముఖం చూసి ఈ పిల్ల సగం లేచింది.

శాంతమ్మ గడప దాటలేదు. చంకలో పెట్టుకున్నదాని మీదినుంచి కొంగు తప్పించింది. నిన్న బియ్యం ఏరిన చాట. ఖాళీగా ఉంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. నవనీత వైపు చూడలేదు. చూస్తే మళ్లీ బస్సెక్కి పోతానని ఆమెకు తెలుసు కాబోలు.

"జోగులమ్మా," అంది, "ఇంట్ల తౌడున్నదా?"